నోరా? తలుపా? – ఒక రాతి రెక్క చరిత్ర

మన సభ్యుల ఇళ్ళలో చాలాచోట్ల పూజామందిరంలో శాలగ్రామం ఉంటుంది. తాతముత్తాతల నుంచి వస్తున్నదో, ముక్తినాథ్ యాత్ర చేసివచ్చినవారు తెచ్చిపెట్టినదో అయివుంటుంది. నేపాల్‌లో గండకీ నదిలో దొరికే ఆ నల్లని గుండ్రాయిలో చక్రం కనబడుతుంది. భక్తులకు అది విష్ణుచక్రం. భూగర్భ శాస్త్రజ్ఞులకు అది సుమారు 15 కోట్ల సంవత్సరాల కిందట సముద్రంలో ఈదిన అమ్మోనైట్ అనే ప్రాణి గుల్ల వేసిన ముద్ర. హిమాలయాలు ఇంకా లేవని, అక్కడ సముద్రం ఉండేదని చెప్పడానికి ఆ చక్రమే ఒక సాక్ష్యం.

చక్రం సంగతి చాలామంది రాశారు. నేను రాయదలచుకున్నది దాన్ని కట్టుకున్న ప్రాణి నోటి సంగతి. గుల్ల అనేది ఇల్లు. ఇల్లు దొరికింది, ఇంటాయన దొరకలేదు. ఆయన ఏం తినేవాడు, దేనితో కొరికేవాడు, అసలు దవడలు ఉండేవా లేవా అన్న ప్రశ్న ఐరోపాలో నూటయాభై ఏళ్ళకు పైగా నలిగింది. ఇందులో చిత్రమేమంటే, జవాబు మొదటినుంచీ వాళ్ళ చేతుల్లోనే ఉంది. మ్యూజియం బీరువాల నిండా ఉంది. కాకపోతే వేరే పేర్లతో ఉంది.

ముందుగా ఈ కుటుంబాన్ని పరిచయం చేయాలి. పిల్లల జంతుశాస్త్రం పుస్తకాల్లో వీటిని శీర్షపాదులు అంటారు. తలనుంచే కాళ్ళు మొలిచినట్టుండే ప్రాణులు అన్నమాట. అష్టపాది, స్క్విడ్, కటిల్‌ఫిష్, నాటిలస్ నేడు బతికివున్న బంధువులు. ఆయుర్వేద దుకాణాల్లో అమ్మే సముద్రపు నురుగు మనకు తెలిసినదే గదా! పేరుకు నురుగేగాని, నిజానికి అది కటిల్‌ఫిష్ ఒంట్లో ఉండే గుల్ల. పంజరంలో చిలకలకు ముక్కు రుద్దుకోవడానికి పెట్టేదీ అదే. ఇవన్నీ నత్తలకు, ఆలుచిప్పలకు దూరపు దాయాదులు. చేపలతో వీటికి ఏ చుట్టరికమూ లేదు.

ఒళ్ళంతా మెత్తగా ఉన్నా వీటి నోరు మాత్రం గట్టిది. స్క్విడ్‌ను కూరకు బాగుచేసేటప్పుడు చేతుల మధ్యలో నల్లగా, గట్టిగా ఒక ముక్కు తగులుతుంది. అచ్చం చిలక ముక్కే, కాకపోతే తిరగేసి పెట్టినట్టుంటుంది. చిలకకు పైముక్కు కిందిదాన్ని కప్పుతుంది. స్క్విడ్‌కు కిందిది పైదాన్ని కప్పుతుంది. రొయ్య పెంకులో ఉండే కైటిన్ అనే పదార్థంతోనే అది తయారవుతుంది. పెద్ద తిమింగలాలు స్క్విడ్లను మింగితే మిగతా శరీరమంతా జీర్ణమైనా ఈ ముక్కులు అరగవు. అత్తరు వ్యాపారులు బంగారంతో సమానంగా చూసే అంబరు ముద్దల్లో అవి చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. (మన వయసులో పళ్ళ డాక్టరు చుట్టూ తిరిగేవారికి కాస్త అసూయ కలిగించే విషయమే.) దవడల వెనక రాడ్యులా అని ఇంకొకటుంది. అది ఆకురాయిలాంటి నాలుక. దానిమీద వరసలు వరసలుగా చిన్న పళ్ళుంటాయి. దవడ కత్తిరిస్తుంది, రాడ్యులా లోపలికి లాగుతుంది.

కైటిన్ తిమింగలం కడుపులో అరగదేగాని, సముద్రం అడుగున బురదలో ఏళ్ళ తరబడి పడివుంటే మెల్లగా కుళ్ళిపోతుంది. కాబట్టి శిలాజంగా మారే అవకాశం తక్కువ. నాటిలస్ ఒక్కటి ఇందుకు కొంత మినహాయింపు. దాని దవడల మొనలకు సున్నపు తొడుగుంటుంది. ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ 1832లో నాటిలస్ శరీరాన్ని కోసి చూసి ఒక గ్రంథమే రాశాడు. అంతకు మూడేళ్ళ ముందు పసిఫిక్ ద్వీపాల్లో జార్జ్ బెనెట్ సంపాదించిన ఒకే ఒక్క నమూనా దానికి ఆధారం. జర్మనీలో 20 కోట్ల ఏళ్ళకు పైబడిన సున్నపురాళ్ళలో బాణపు ములుకుల్లాంటి చిన్న శిలాజాలు దొరుకుతాయి. నాటిలస్ నోరు ఎలా ఉంటుందో తెలిశాక అవి దాని పూర్వీకుల దవడ మొనలని పోల్చుకోవడం తేలికయింది. కాని అమ్మోనైట్లకు అలా పోల్చి చూడటానికి బతికున్న వారసులు లేరు. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట డైనోసార్లతో పాటే ఆ వంశం అంతరించింది.

ఇక అసలు కథలోకి వద్దాం. జర్మనీలో బవేరియా రాష్ట్రంలో జోల్న్‌హోఫెన్ అనే ఊరుంది. అక్కడి పలకరాయి చాలా నునుపు. లితో ముద్రణకు వాడింది ఆ రాయినే. మన పాత కేలెండర్లు, వాల్‌పోస్టర్లు లితోలో అచ్చయ్యేవని కొందరికైనా గుర్తుండే ఉంటుంది. ఆ పలకల్ని చీలుస్తుంటే రెండు రెక్కలు జతగా పరిచినట్టుండే శిలాజాలు విరివిగా బయటపడేవి. ఒక్కొక్క రెక్క ఇంచుమించు ముక్కోణం, ఒకవైపు తిన్నని అంచు, మరోవైపు వంపు. మందంగా, సున్నంతో చేసినట్టు ఉంటుంది. రెండిటినీ తిన్నని అంచు దగ్గర చేర్చిపెడితే తెరిచిన పుస్తకంలా కనిపిస్తాయి.

ఇదేమిటి? మన ఆఫీసుల్లో ఏ సెక్షనుదో తెలియని కాగితం ఒకటి ఇన్‌వార్డులో పడితే దానికేం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. ఎస్టాబ్లిష్‌మెంట్ వాళ్ళు అకౌంట్స్‌కు పంపుతారు, అకౌంట్స్ వాళ్ళు రికార్డు రూముకు పంపుతారు, ప్రతిచోటా ఒక కొత్త నంబరు పడుతుంది. ఈ రెక్కలకూ అదే గతి పట్టింది. 1811లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వీటిని ఆలుచిప్పల సెక్షనుకు మార్క్ చేసి ట్రైగొనెల్లైటిస్ అని పేరు పెట్టాడు. (వణుకుడు రోగానికి ఈయన పేరే పెట్టారు. శిలాజాలంటే ఆయనకు ప్రాణం.) 1822లో బూర్దే అనే ఫ్రెంచివాడు ఇవి చేప దవడలని రాశాడు. పడవల అడుగున అంటుకుని పెరిగే పెంకు పురుగులని ఇంకొందరన్నారు. చివరికి హెర్మన్ ఫాన్ మేయర్ అనే జర్మన్ పండితుడు వీటికి ఆప్టికస్ అని పేరు పెట్టాడు. ఇదొక ప్రత్యేక ప్రాణి అని అప్పటి ఆయన అభిప్రాయం. పేరు మాత్రం నిలిచిపోయింది. తరవాత 1861లో తొలి పక్షి శిలాజానికి ఆర్కియోప్టెరిక్స్ అని నామకరణం చేసింది కూడా ఈయనే. ఆ పక్షి కూడా ఈ జోల్న్‌హోఫెన్ రాయిలోదే.

ఇవి అమ్మోనైట్లకు సంబంధించినవేమోనని మొదట గట్టిగా అన్నవారిలో ఎడువార్డ్ రూప్పెల్ ఒకడు. 1829లో ఆయన చూపిన పోలిక మనకు చాలా సులువుగా అర్థమవుతుంది. వరిచేలలో తిరిగే పెద్ద నత్తను ముట్టుకోగానే అది లోపలికి ముడుచుకుని గుల్ల ద్వారానికి గట్టి మూత వేసుకుంటుంది. చిన్నప్పుడు ఆ మూతలు ఏరుకుని ఆడుకోని పల్లెటూరి పిల్లవాడు ఉండడు. ఆప్టికస్ అలాంటి మూతే అని ఆయన వాదం. ఇది చూడగానే నచ్చే మాట. రెండు రెక్కలూ కలిపితే అమ్మోనైట్ గుల్ల ద్వారానికి కొలిచి చేసినట్టు సరిపోయే సందర్భాలు చాలా ఉన్నాయి. పైగా నాటిలస్ కూడా లోపలికి ముడుచుకున్నప్పుడు తలమీది దళసరి తోలును తలుపులా అడ్డం పెట్టుకుంటుంది.

దీనికి పోటీగా వచ్చిన మరో వాదం వింటే ఇప్పుడు నవ్వొస్తుంది. 1866లో కెఫర్‌స్టైన్ అనే ఆయన ఇవి ఆడ అమ్మోనైట్ కడుపులో గుడ్ల గ్రంథులను కాపాడే కవచాలన్నాడు. విల్‌హెల్మ్ వాగెన్ వంటి దిట్టలు దాన్ని సమర్థించారు. ఈ వాగెన్ మన దేశానికి కొత్తవాడు కాదు. భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో చేరి, కచ్ ప్రాంతపు అమ్మోనైట్లను 1873 నుంచి 1875 దాకా భాగాలు భాగాలుగా వర్ణించిన ఉద్యోగి. ఆయన వర్ణనలు ఇప్పటికీ కచ్ శిలాజాలకు పునాది.

ఆ శాఖ పేరు వచ్చింది కాబట్టి దక్షిణాది సంగతి కూడా రెండు మాటల్లో చెబుతాను. తిరుచిరాపల్లి, విరుదాచలం, పుదుచ్చేరి ప్రాంతాల్లో అమ్మోనైట్లు ఉన్నాయని లోకానికి తెలిపింది మదరాసు ప్రభుత్వంలో పనిచేసిన కే, కన్‌లిఫ్ అనే ఇద్దరు. వాళ్ళు ఏరి పంపిన వాటిని ఎడ్వర్డ్ ఫోర్బ్స్ 1846లో లండన్‌లో వర్ణించాడు. తరవాత కలకత్తా నుంచి ఫెర్డినాండ్ స్టొలిచ్కా పని పూర్తిచేసి 1865లో పెద్ద సంపుటం వెలువరించాడు. మొరేవియా నుంచి ఉద్యోగానికి వచ్చిన ఆ యువకుడు 1874లో యార్కండ్ నుంచి తిరిగివస్తూ లడఖ్ కనుమల్లో కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 36 ఏళ్ళు. డ్యూటీలో ఉండగానే పోయాడు. సమాధి లేహ్‌లో ఉంది. ఇంతమంది ఇంత శ్రమపడి గుల్లలను లెక్కపెట్టి, గీతలు గీసి, పేర్లు పెట్టారు. గుల్లలోని ప్రాణి నోరు ఎలా ఉండేదన్నది మాత్రం తేలలేదు.

తేలే అవకాశం ఒకసారి రాకపోలేదు. అమెరికాలో మిస్సోరీ నది ఎగువ ప్రాంతంలో పనిచేసిన మీక్, హేడెన్ అనే ఇద్దరు 1860ల మధ్యలోనే ఒక మాట అన్నారు. స్కాఫైటిస్ అనే అమ్మోనైట్‌లో దొరికిన పలకలను చూసి, ఇవి దవడలై ఉండవచ్చు అని స్పష్టంగా రాశారు. ఎవరూ పట్టించుకోలేదు. దూరాన ఉన్న సబార్డినేట్ ఆఫీసు నుంచి వచ్చిన మంచి సూచనకు హెడ్డాఫీసులో జరిగే మర్యాదే దానికీ జరిగింది. ఆ రోజుల్లో ఈ శాస్త్రానికి హెడ్డాఫీసు జర్మనీ, ఆస్ట్రియాలు. అక్కడ మూత వాదమే రాజ్యమేలింది. వియన్నాలో ఫ్రీడ్రిక్ ట్రౌట్ 1927 నుంచి 1938 వరకు వరుస వ్యాసాలు రాసి ఆప్టికస్‌లను రకరకాల పేర్లతో వర్గీకరించాడు. 1958లో ట్యూబింగెన్ ఆచార్యుడు షిండెవోల్ఫ్ కూడా ఆప్టికస్ అంటే మూతే అన్నాడు. ఆయన మాటకు ఆ రంగంలో తిరుగులేదు.

ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. గుల్లతో పాటే దొరికితే ఇంత గందరగోళం ఎందుకొచ్చింది? దొరికేవి కావు, అదే చిక్కు. సున్నం అని మనం ఒకే మాట అంటాంగాని, ప్రకృతిలో అది రెండు రూపాల్లో స్ఫటికమవుతుంది. ఒకటి అరగొనైట్, రెండోది కాల్సైట్. ఒక తల్లి పిల్లలేగాని స్వభావాలు వేరు. అరగొనైట్ తొందరగా కరిగిపోతుంది, కాల్సైట్ నిలదొక్కుకుంటుంది. అమ్మోనైట్ గుల్ల అరగొనైట్, ఆప్టికస్ కాల్సైట్. లోతు సముద్రపు అడుగున గుల్ల కరిగిపోయి ఆప్టికస్‌లు మాత్రమే మిగిలేవి. ఆల్ప్స్ పర్వతాల్లో గుల్ల అనేదే కనబడకుండా ఆప్టికస్‌లతో నిండిన రాతిపొరలకు ఆప్టికస్ పొరలు అనే పేరే ఉంది. ఇల్లు మాయమై తలుపు మిగిలితే, తలుపో కిటికీయో పెట్టె మూతో ఎవరు చెప్పగలరు?

ఈ వివాదాన్ని మలుపు తిప్పినవాడు హాంబర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఉల్రిక్ లేమన్. ఆయన గొప్పతనమంతా ఓపికలో ఉంది. హాంబర్గ్ దగ్గర ఆరెన్స్‌బర్గ్‌లో, మంచుయుగంలో హిమానీనదాలు ఉత్తరం నుంచి దొర్లించుకొచ్చి పడేసిన బండలు దొరుకుతాయి. వాటిలో 18 కోట్ల ఏళ్ళనాటి ఎలిగాంటిసెరస్ అనే చిన్న అమ్మోనైట్లు ఉంటాయి. గుల్లలో చివరి గది, అంటే ప్రాణి నివసించే గది, బురదతో నిండి గట్టిపడి ఉంటుంది. దాన్ని పగలగొడితే లోపలున్నది కూడా పొడి అవుతుంది. లేమన్ పగలగొట్టలేదు, అరగదీశాడు. గంధం చెక్క సానమీద అరగదీసినట్టు కొద్దికొద్దిగా అరగదీయడం, బయటపడ్డ ముఖాన్ని బొమ్మ వేసుకోవడం, మళ్ళీ కాస్త అరగదీయడం. ఇలా వరసగా వేసుకున్న బొమ్మలను ఒకదానిమీద ఒకటి పేర్చి చూస్తే లోపలి వస్తువు ఆకారం తేలుతుంది. ఈ పద్ధతిలో ఒక కష్టం ఉంది. పని పూర్తయ్యేసరికి శిలాజం మిగలదు, బొమ్మలే మిగులుతాయి. అందుకని ఒక్క ముఖం కూడా తప్పు గీయకూడదు.

ఆ బొమ్మల్లో ఏం కనబడింది? గది లోపల కింద ఒక పెద్ద నల్లని పలక, పారలాగా ముందుకు చాచి ఉంది. దానికి ఎదురుగా పైన ఇంకొక చిన్న పలక. ఆ రెండిటి మధ్యలో వరసలు వరసలుగా చిన్న పళ్ళు! అది రాడ్యులా. నాలుక రెండు దవడల మధ్య ఉంటుందిగాని, తలుపుకూ గోడకూ మధ్య ఉండదు. 1967లో, 1970లో, 1972లో వరుసగా వచ్చిన వ్యాసాల్లో లేమన్ తేల్చి చెప్పాడు. ఒంటి పలకగా దొరికేవీ దవడలే, జంట రెక్కలుగా దొరికేవీ దవడలే. జంట రెక్కలు వేర్వేరు ముక్కలు కావు. కిందిదవడ కైటిన్‌తో ఒకటే ముక్క, దాని బయటివైపు పూసినట్టుగా ఏర్పడిన సున్నపు పలకలు మాత్రం రెండు. కైటిన్ కుళ్ళిపోయాక సున్నం మిగిలి రెండు రెక్కలయింది. పైదవడకు అలాంటి సున్నపు పూత లేదు కాబట్టి చాలాచోట్ల పూర్తిగా మాయమయింది. రెండు దవడల్లో ఒకటే దొరుకుతుంటే అది దవడ అని ఎవరికీ తట్టకపోవడంలో వింత లేదు.

ఇంచుమించు అదే సమయంలో భూగోళానికి అవతలివైపు, ఉరుగ్వే దేశపు రాళ్ళలో దొరికిన గోనియటైట్లలో కూడా దవడలు, రాడ్యులా ఉన్నట్టు 1967లో ప్రకటించారు. అవి దాదాపు 30 కోట్ల ఏళ్ళనాటివి. ప్రకటించిన బ్రెజిల్ శాస్త్రజ్ఞుడి పేరు డార్సీ క్లోస్.

అయితే మూత వాదం వాళ్ళు పూర్తిగా ఓడిపోయారా అంటే, లేదు. ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. గుల్ల ద్వారానికి అంత చక్కగా సరిపోవడం కాకతాళీయం కాదు గదా? దళసరి సున్నపు పూతతో, మొద్దు అంచుతో ఉన్న ఆప్టికస్ కొరకడానికి పెద్దగా పనికొచ్చేది కూడా కాదు. 1990లో లేమన్ స్వయంగా, పోలండ్ దేశస్థుడు కులిట్స్‌కీతో కలిసి, ఇది రెండు పనులూ చేసి ఉంటుందని రాశాడు. పుట్టుకతో దవడ, ప్రమాదం వచ్చినప్పుడు ముందుకు తిప్పి అడ్డం పెట్టుకుంటే తలుపు. దవడ తలుపుగా ఎలా మారిందన్న ప్రశ్నను శీర్షికగానే పెట్టి 1993లో అడాల్ఫ్ జైలాఖర్ ఒక వ్యాసం రాశాడు. 2014లో మరికొందరు ఈదడానికి కూడా ఇది సాయపడి ఉంటుందన్నారు. మన ఇళ్ళలో పీట కూర్చోవడానికీ, పిండివంటలు చేసుకోవడానికీ, గిన్నెమీద మూతగానూ పనికొచ్చినట్టే ఉంది వ్యవహారం.

ఇదంతా పండితుల కాలక్షేపం అనుకోవడానికి వీల్లేదు. దవడ తెలిస్తే తిండి తెలుస్తుంది, తిండి తెలిస్తే చావు తెలుస్తుంది. 2011లో ఇసబెల్ క్రూటా, నీల్ లాండ్‌మన్ బృందం ఫ్రాన్సులో గ్రెనోబుల్ నగరంలోని శక్తిమంతమైన ఎక్స్‌రే యంత్రంలో బాక్యులైటిస్ శిలాజాలను పెట్టి చూశారు. ఇది కర్రలా తిన్నగా ఉండే గుల్ల కట్టుకున్న అమ్మోనైట్. నమూనాలు అమెరికాలో సౌత్ డకోటావి. లేమన్‌లాగా అరగదీయనక్కరలేకుండానే దవడలు, వాటి మధ్య 2 మిల్లీమీటర్ల పొడవైన సన్నని రాడ్యులా పళ్ళు కనబడ్డాయి. అంతకంటె ఆశ్చర్యం, ఒకదాని నోట్లో చివరి ముద్ద కూడా ఉంది. అది పిల్ల నత్త గుల్ల ముక్క, చిన్న రొయ్యజాతి పురుగు ముక్కలు. అంటే ఇది పెద్ద వేటగాడు కాదు. నీటిలో తేలే సూక్ష్మజీవులను పారలాంటి దవడతో తోడుకు తినేది. ఉల్క పడి సముద్రంలో ఆ తేలే జీవులు కుప్పకూలినప్పుడు వీటికి కూడు లేకుండా పోయిందని ఆ శాస్త్రజ్ఞుల వాదన. లోతుల్లో, కొరికే దవడలతో చచ్చినవాటిని కూడా తినే నాటిలస్ వంశం మాత్రం మిగిలింది. అమ్మోనైట్లన్నీ ఒకే రకం తిండి తిన్నాయని చెప్పలేంగాని, ఒక మహావంశం అంతరించడానికీ నోట్లోని ముద్దకూ సంబంధం ఉందన్నది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు.

ఇంతవరకు చెప్పింది దవడల నడివయసు కథ. పుట్టుక మాటేమిటి? శీర్షపాదులు మొదట కనబడేది దాదాపు 49 కోట్ల ఏళ్ళ కిందట. దవడలని నిస్సందేహంగా చెప్పదగినవి దొరికేది అంతకు పది కోట్ల ఏళ్ళకు పైగా గడిచాక, డెవోనియన్ అనే యుగం చివరి భాగంలో. ఇక్కడ కూడా పాత తప్పే జరిగింది. న్యూయార్క్ రాష్ట్రంలో దొరికిన డెవోనియన్ పలకలకు 1882లో జాన్ క్లార్క్ స్పాథియోకారిస్ అని పేరు పెట్టాడు. కారిస్ అంటే గ్రీకులో రొయ్య. రొయ్యజాతి పెంకులని ఆయన ఉద్దేశం. తరవాత అవి అమ్మోనైట్ల పూర్వీకుల కిందిదవడలని ఒప్పుకోవలసివచ్చింది. 2016లో జ్యూరిక్‌కు చెందిన క్రిస్టియన్ క్లుగ్ బృందం మొరాకో దేశంలో, దాదాపు 36 కోట్ల ఏళ్ళనాటి నల్లని పలకరాళ్ళలో అణగిపోయిన దవడలను వర్ణించింది. దక్షిణాది మహాఖండం గోండ్వానాలో దొరికినవాటిలో అవే పురాతనమైనవి. ఆ కాలమే దవడలున్న చేపలు సముద్రమంతటా విస్తరించిన కాలం. కొరికే శత్రువులు పెరిగిన రోజుల్లోనే శీర్షపాదుల నోళ్ళు కూడా గట్టిపడినట్టు కనబడటం ఆలోచించదగినది.

దానికి ముందు? సైలూరియన్ యుగంలో, అంటే 44 కోట్ల నుంచి 42 కోట్ల ఏళ్ళ మధ్య, ఇంకొక రకం పలకలున్నాయి. సాల్టర్ 1863లో పెల్టోకారిస్ అన్నాడు, వుడ్‌వర్డ్ 1866లో డిస్సినోకారిస్ అన్నాడు. మళ్ళీ రొయ్యలే! బొహీమియాలో బరాండ్ 1872లో ఆప్టికాప్సిస్ అని, అంటే ఆప్టికస్‌ను పోలినది అని పేరుపెట్టాడు. ఇది రెండు పెద్ద పలకలు, ఒక చిన్న పలక చేరి గుండ్రని బిళ్ళలా ఉంటుంది. 1978లో ప్రాగ్ శాస్త్రజ్ఞుడు టురెక్ తిన్నని గుల్ల ద్వారంలో ఇది ఉన్నచోటే ఉన్న శిలాజాలను చూపించాడు. దాంతో రొయ్య కాదని, శీర్షపాదిదేనని తేలింది. ద్వారానికి అతికినట్టు సరిపోయింది కాబట్టి మూత అన్నారు. 1984లో స్వీడన్‌కు చెందిన స్ట్రిడ్స్‌బర్గ్ ఇవి దవడ భాగాలా, రక్షక మూతలా అని వ్యాసం పేరులోనే అడిగాడు. సరిగ్గా నూటయాభై ఏళ్ళనాటి పాత ప్రశ్న!

2021లో రష్యాకు చెందిన అలెగ్జాండర్ మిరొనెంకో ఈ పాత పలకల జాతి మొత్తాన్ని తిరిగి పరిశీలించి, శీర్షపాదులకు దవడలు ఎలా వచ్చాయో తెలిపే తాళంచెవి ఇందులోనే ఉందని వాదించాడు. అదే నిజమైతే కథ ఒక చక్రం తిరిగినట్టే. సైలూరియన్‌లో తలుపుగా పనిచేసిన పలక డెవోనియన్‌లో దవడ అయింది. జోల్న్‌హోఫెన్ కాలానికి ఆ దవడే మళ్ళీ తలుపు పని కూడా మొదలుపెట్టింది. రూప్పెల్, లేమన్ ఇద్దరూ తమ తమ కాలాల్లో సగం సగం సరిగ్గా చెప్పినట్టవుతుంది.

నా మటుకు నాకు ఈ వాదం ఆకర్షణీయంగానే ఉన్నా, తీర్పుకు ఇంకా సమయం ఉందనిపిస్తుంది. దవడ అనడానికి లేమన్ చూపిన సాక్ష్యం ఒక ప్రమాణం: పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో రాడ్యులా. సైలూరియన్ కాలంలో రాడ్యులా ఉండేదనడానికి ఆధారం బొలీవియాలో దొరికిన ఒక తిన్నని గుల్ల శిలాజంలో ఉన్నట్టు 1984లోనే ప్రకటించారు. పలకలు ఒకచోట, పళ్ళు ఇంకొకచోట దొరికితే చాలదు. బొహీమియా రాళ్ళలోని ఆప్టికాప్సిస్ మూసుకున్న గుల్లలను గ్రెనోబుల్‌లాంటి యంత్రంలో పెట్టి, ఆ మూడు పలకల వెనక పళ్ళ వరసేమైనా దాగివుందేమో చూడాలి.